బుడంకాయకి సరిపోయే బెల్టు

జూన్ 6

అక్కా,

ఈ ఉత్తరం చదివేముందు ఎక్కడైనా కాస్త కూర్చో. కూర్చున్నావా? అయితే ఆలకించు. నేను, అనగా నీకున్న ఏకైక తమ్ముణ్ణి, డిగ్రీ పట్టా పొందినవాణ్ణి, ఆ పట్టా తగిలించడానికి గోడకి మేకు కూడా స్వయంగా కొట్టుకున్నవాణ్ణి, ఇందులో రాయబోయే ప్రతి అక్షరానికీ ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. నా దస్తూరికి క్షమాపణ. నీ పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ నా మోచెయ్యి పడినందుకు క్షమాపణ. నేను పుట్టినందుకు కూడా క్షమాపణ, అందులో నా ప్రమేయం ఏమీ లేదని అమ్మ సాక్ష్యం చెప్పినా సరే.

ఇక విషయానికొస్తాను. పోయిన నెల మీరు బస్సెక్కుతుంటే పిల్లలిద్దరూ రాగం అందుకున్నారు. వాళ్ళని ఊరుకోబెట్టడానికి కిటికీలోంచి ఒక మాట అనేశావు, గుర్తుందా? "మట్టిలో తోలుకునే బండి కొనిపెడతా, ఏడవకండి." బస్సు వెళ్ళిపోయింది. నువ్వూ బావా ఫోను పలకని ఆ క్వారీకి చేరిపోయారు. ఆ మాట మాత్రం మా ఇంట్లో దిగబడింది. పొద్దున్నే మాతోపాటు లేస్తుంది, మాతోపాటు పళ్ళు తోముకుంటుంది, "మామయ్యా, బండెప్పుడు?" అంటుంది.

అందుకని ఆదివారం ఇద్దర్నీ తీసుకుని బండ్ల షాపుకి వెళ్ళాను. ముందువైపు పాత స్కూటర్లు, వెనకవైపు ప్రహరీ లోపల తోలి చూసుకోడానికి రెండు మట్టిదిబ్బలు. షాపాయన మహా వాగుడుకాయ. ఎర్ర బండి మీద గుడ్డ లాగి, "తమ్ముడూ, ఇది బండి కాదు, ఒక అనుభవం" అన్నాడు. మీ పెద్దది, మా ఇంటి జడ్జిగారు, ఎనిమిదేళ్ళ గాంభీర్యంతో దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అంకుల్, అనుభవానికి బ్రేకులుంటాయా?" అంది. ఆయన నాకేసి చూశాడు. నేను ఆకాశంకేసి చూశాను.

ఎర్రది ఎత్తుగా, పొగరుగా ఉంటుంది. లావు టైర్లు, నాలుగు లైట్లు, చెవులు చిల్లులుపడే హారన్. పసుపుది ఒకటుంది, ప్లాస్టిక్ చక్రాలు, తడిమట్టిలో సబ్బుబిళ్ళలా జారుతుంది. మూడోది ఆకుపచ్చది. పొట్టిగా, వెడల్పుగా, నెత్తిన ఇనప కడ్డీలతో కోళ్ళగూడులా ఉంది. మీ చిన్నాడు, మా బుడంకాయ, ఎర్రదాని చక్రాన్ని కావిలించుకున్నాడు. షాపాయనా నేనూ చెరో కాలూ పట్టుకుని లాగాల్సొచ్చింది.

నా ఓటు ఎర్రదానికే. అమ్మ మాత్రం, "పక్కనే ఒక అంబులెన్సు కూడా కొనరా, జతగా ఉంటాయి" అంటోంది. నీ తీర్పు కోసం ఎదురుచూస్తూ,

నీ వినయవిధేయ తమ్ముడు

*

జూన్ 13

ఒరేయ్,

నీ క్షమాపణలు పూర్తయ్యేసరికి నా టీ చల్లారిపోయింది. నేనిక్కడ రోజంతా హెల్మెట్టు పెట్టుకోని పెద్దమనుషుల మీద అరిచే ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రం గదికొచ్చి నీ ఉత్తరం విప్పితే మళ్ళీ అరవాలనిపిస్తోంది. బావ అయితే పక్కన కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు. పగలంతా ఆ లోడర్ నడిపి నడిపి ఆయనకి చెవులూ బుద్ధీ రెండూ మొద్దుబారాయి.

ఇప్పుడు నేను చెప్పేది నవ్వకుండా విను. మేమొచ్చిన వారానికే నువ్వు మీ ఫ్యాక్టరీనుంచి ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చి, అందులో ఇద్దర్నీ కూర్చోబెట్టి మెట్ల మీంచి జార్చావు. బుడంకాయకి ముందుపన్ను విరిగింది. "ఎలాగూ ఊడాల్సిన పన్నే కదక్కా, కాస్త ముందుగా పంపించాం" అని రాశావు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

ఇక్కడికి వచ్చేముందు నీకూ అమ్మకీ చెప్పకుండా నేనూ బావా ఒక హాస్టల్ చూసొచ్చాం. పక్కపక్కనే రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయంది వార్డెన్. శుభ్రంగా ఉంది. కిటికీలు బాగా ఎత్తులో ఉన్నాయి. చిన్నాడు ఏడుస్తాడు, నాకు తెలుసు. పెద్దది ఏడవదు. దాని గురించే నా భయమంతా. అందుకే అమ్మ దగ్గరా నీ దగ్గరా ఉంచాను. కానీ ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్క ప్రమాదం వింటే, ఇద్దరూ ఆ మంచాల మీదికి వెళ్తారు. ఇది బెదిరింపు కాదు. రాత్రుళ్ళు ఇదే ఆలోచిస్తున్నాను.

బండి పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. బోల్తాపడితే బరువు పిల్లల మీద కాకుండా ఇనప చట్రం మీద పడాలి, ఆ చట్రం వాళ్ళ తలలకంటే ఎత్తులో ఉండాలి. బెల్టు రెండు భుజాల మీంచీ, నడుం మీంచీ, కాళ్ళ మధ్యనుంచీ వచ్చి ఒకచోట బిగియాలి. వేగం తగ్గించి బిగించేసే మర ఉండాలి. నీ చేతిలో ఒక రిమోటు ఉండాలి, నొక్కితే బండి ఆగాలి. చైను దగ్గర వేళ్ళు దూరకుండా మూత. హారన్ నాకక్కర్లేదు.

మా దగ్గర ఒక పద్ధతుంది. నేను చెప్పింది విన్నవాడు, తన సొంత మాటల్లో నాకు తిరిగి చెప్పాలి. అప్పుడే వాడు గుంటలోకి దిగాలి. నువ్వూ చెప్పు.

అక్క

*

జూన్ 19

అక్కా,

తిరిగి చెబుతున్నాను. బండి నా అంత పొడుగ్గా ఉండకూడదు, అమ్మ అంత నిలకడగా ఉండాలి. తిరగబడితే దెబ్బలు అది తినాలి, పిల్లలు కాదు. బెల్టు పిల్లల్ని నాలుగువైపులా పట్టుకోవాలి. నీ గొంతు వినపడగానే బావ ఆగినట్టు, నేను మీట నొక్కగానే బండి ఆగాలి. గుంటలోకి దిగొచ్చా?

నా ఓటు వెనక్కి తీసుకున్నాను. ఎర్రదాన్ని పరీక్ష పెట్టకుండా నమ్మేది లేదు. షాపాయన్ని బతిమాలి వారం రోజులకి ఇంటికి తెచ్చాను. ఇక్కడ నా వృత్తి రహస్యం కాస్త విప్పాలి. అమ్మ చుట్టాలందరికీ "మావాడు క్వాలిటీలో చేస్తాడు" అని చెప్తుందిగానీ, నిజానికి నా ఉద్యోగం పొద్దున్నుంచి సాయంత్రందాకా పెట్టెల్ని కింద పడెయ్యడం. అట్టపెట్టె గట్టిదో కాదో తెలియాలంటే అందులో అసలు సరుకు పెట్టం. సరుకంత బరువుకి ఇసక సంచి పెట్టి, ఎత్తునుంచి వదులుతాం. ప్రతి సంచికీ ఆ సరుకు పంపించేవాడి పేరు పెడతాం, రిపోర్టు కూడా అతని పేరుతోనే రాస్తాం. పోయినవారం ఒక ఫ్యాన్ల కంపెనీ ఓనరు నాలుగుసార్లు తలకిందులుగా పడ్డాడు. క్షేమంగానే ఉన్నాడు. ఇది మా ల్యాబ్ అలవాటు.

అదే పద్ధతి ఇంట్లో పెట్టాను. ఇద్దర్నీ బరువు చూసే మిషనెక్కించి, సరిగ్గా అంతంత ఇసక రెండు గోనెసంచుల్లో పోశాను. అమ్మ మిషను కుట్టు ఆపి మరీ దబ్బనంతో మూతులు కుట్టింది. పాత బట్టలు తొడిగాం, హెల్మెట్లు పెట్టాం. ఒక సంచి పేరు జడ్జిగారు, రెండోదాని పేరు బుడంకాయ. "నా సంచి నాకంటే లావుగా ఉంది" అని జడ్జిగారు ఆక్షేపణ తెలిపింది. బుడంకాయ తన సంచికి బిస్కెట్ తినిపించబోయి, అది తినకపోతే తనే తిన్నాడు.

పిల్లలు దరిదాపుల్లో ఉండరు, వరండా దాటి రారు. సంచులు మాత్రమే బండెక్కుతాయి. దిబ్బ మీదనుంచి వదిలి చూసి రిపోర్టు పంపిస్తాను. ఈ ఉత్తరం శనివారం రేషన్ ట్రక్కులో వస్తుంది.

పెట్టెలు పడేసే నీ తమ్ముడు

*

జూన్ 24

అక్కా,

మీ క్వారీకి కంప్రెషర్ సామాను తెస్తున్న మెకానిక్ మా గుమ్మం ముందు ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు. రెండు నిమిషాలే ఇచ్చాడు. అందుకని కబుర్లు లేవు, రిపోర్టు ఒక్కటే.

ఎర్ర బండి. ఇంటి వెనక ఖాళీ స్థలం, మట్టిదిబ్బ. ఇద్దరికీ బెల్టులు, హెల్మెట్లు పెట్టాం. దిబ్బ దిగుతుండగా ఎడమ చక్రం ఇటుకముక్క ఎక్కింది. బుడంకాయ బెల్టు కిందనుంచి జారి ముందుకు పడ్డాడు. బండి వాడి మీదుగా వెళ్ళింది. జడ్జిగారు సీట్లోనే ఉండిపోయింది, కానీ బండి పక్కకి ఒరిగి తిరగబడింది. పైన చట్రం లేకపోవడంతో బరువంతా ఆవిడ మెడమీద పడింది. రెండోసారి చూడాల్సిన అవసరం లేకపోయింది. అమ్మ ఒక్క క్షణం చూసి లోపలికెళ్ళిపోయింది. నేను చాలాసేపు దిబ్బ మీదే కూర్చున్నాను. బండి వాపసు ఇచ్చేస్తున్నాం. హారన్ మాత్రం చివరిదాకా పనిచేసింది.

మెకానిక్ హారన్ కొడుతున్నాడు. మిగతావి తర్వాత.

తమ్ముడు

*

జూన్ 25

నీ కాగితం మెకానిక్ ఇచ్చి వెళ్ళిపోయిన గంటకి చదివాను. పిల్లలు ఎలా ఉన్నారు? ఏ ఆసుపత్రి? బుడంకాయకి స్పృహ ఉందా? అదెందుకు రాయలేదు? హారన్ పనిచేసిందని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా?

వానకి మలుపు దగ్గర కొండచరియ జారింది. శనివారం ట్రక్కు అవతలే ఆగిపోయింది. ఉత్తరాలూ రేషనూ అన్నీ అందులోనే ఉన్నాయి. మెకానిక్ సామాను భుజానెత్తుకుని నడిచొచ్చి, అట్నుంచటే నడిచెళ్ళిపోయాడు. అతను వెళ్ళగానే ఇంకో రాయి పడింది. ఇంక ఎవ్వరూ దాటకూడదని తాడు కట్టించాను. నేనే, నా చేతుల్తో కట్టించాను. ఇప్పుడు ఇవతల పక్క నిలబడి ఇది రాస్తున్నాను. అవతలివాళ్ళు పొడుగు తాడుకి బుట్ట కట్టి మందులు లాగుతున్నారు. అందులో వేస్తాను.

ఇద్దరూ హాస్టల్‌కి వెళ్తారు. నడవగలిగితే.

బావ నీ కాగితం చేత్తో పట్టుకుని అలా కూర్చున్నాడు.

*

జూన్ 27

అక్కా,

పిల్లలు బాగున్నారు. మళ్ళీ రాస్తున్నాను, పిల్లలు బాగున్నారు. ఒక్క గీత కూడా పడలేదు. బండెక్కినవి ఇసక సంచులు. వాటికి పిల్లల పేర్లు పెట్టాను. ఆ సంగతంతా పందొమ్మిదో తారీఖు ఉత్తరంలో రాశాను, అది ట్రక్కులో ఉండిపోయిందని నాకు తెలీదు. నువ్వది చదివే ఉంటావన్న ధీమాతో, మా ల్యాబ్ రిపోర్టులాగా పేర్లతో రాసేశాను. నా మాట నమ్మవు, నమ్మక్కర్లేదు. ఇక్కణ్ణించి వాళ్ళే చెప్తారు, నేను రాస్తున్నానంతే.

జడ్జిగారు: "అమ్మా, నేను బాగున్నాను. స్కూలుకెళ్ళి వచ్చాను. నా సంచి మెడ దగ్గర చిరిగిపోయింది. అమ్మమ్మ మామయ్యని 'తెలివితక్కువ సన్నాసీ' అని తిట్టింది. నీ ఉత్తరం మామయ్య నిలబడే నాలుగుసార్లు చదివాడు, నేను చూశాను. నువ్వు రాళ్ళ కింద నిలబడకు."

బుడంకాయ: "అమ్మా, నా సంచిలో ఇసకంతా పోయింది. నాలో పోలేదు." (ఇది వాడే అన్నాడు. నేను కలపలేదు.)

అమ్మ: "వీడి సంగతి నేను చూసుకుంటానే. పిల్లలు నా పక్కనే కూచుని తింటున్నారు. నువ్వా తాడు దాటావో, నీకూ వీడికీ కలిపి తగిలిస్తాను."

ఇది పట్టుకుని మలుపుదాకా నేనే వస్తున్నాను. బుట్టలో నా చేత్తో వేస్తే తప్ప నాకు నిలకడ లేదు.

తమ్ముడు

*

జూలై 1

ఒరేయ్ తమ్ముడూ,

బుట్టలో ఉత్తరం వేసి అవతలి గట్టుమీద నువ్వు చేతులూపుతుంటే చూశాను. ఇంత దూరానికి నువ్వు అగ్గిపుల్లంత ఉన్నావు. అరిచావుగానీ ఏమీ వినపడలేదు. బహుశా అదే మంచిదైంది, నేను తిరిగి అరిచినవి నీకూ వినపడి ఉండవు.

నీకు తెలియనిది ఒకటి జరిగింది. ఇరవై అయిదు సాయంత్రం నీకు రాసి బుట్టలో వేశాక, నేను ఆ తాడు దగ్గరికి వెళ్ళాను. పైకెత్తి పట్టుకున్నాను కూడా. బావ వెనకనుంచి వచ్చాడు.

"దాటతావా?" అన్నాడు.

"దాటతాను."

"సరే. అయితే విప్పేసి దాటు. కిందనుంచి దూరి వెళ్ళకు. పొద్దున్నుంచీ ఇంటికెళ్ళాలని ఇక్కడ కూర్చున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకీ చెప్పు, ఇంక దాటొచ్చని."

ఆయన గొంతులో కోపం లేదురా. ఉంటే బాగుండేది. తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా పిల్లలు ఆసుపత్రిలో ఉన్నారు, నేను కట్టిన ముడి నేను విప్పలేకపోతున్నాను. చివరికి తాడు వదిలేసి వెనక్కొచ్చాను. మర్నాడు ట్రక్కులోని ఉత్తరాల సంచీ బుట్టలో వచ్చింది. నీ పందొమ్మిదో తారీఖు ఉత్తరం విప్పాను. బిస్కెట్ దగ్గరికి వచ్చేసరికి రాయి మీద కూలబడిపోయాను. నవ్వో ఏడుపో బావకి అర్థం కాక మంచినీళ్ళు తేవడానికి పరిగెత్తాడు.

నవ్వయ్యాక సిగ్గేసింది. నువ్వు పిల్లల్ని ఆసుపత్రి పాలు చేశావంటే నమ్మడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. చాన్నాళ్ళనుంచీ ఆ కబురు కోసమే కాచుకుని ఉన్నట్టు నమ్మేశాను. నీ జోకుల వెనక ఏమీ లేదనుకున్నాను. కానీ పిల్లల్ని కూర్చోబెట్టకముందు సంచుల్ని కూర్చోబెట్టాలని, ఇంతమందికి జాగ్రత్తలు చెప్పే నాకు తట్టలేదు, నీకు తట్టింది. నేనైతే కాగితంలో రాసినవన్నీ ఉన్నాయో లేవో సరిచూసుకుని బండి కొనేసేదాన్ని. నిన్న నా కింద పనిచేసేవాళ్ళకి ఈ సంచుల కథ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకతను మాత్రం, "మీ తమ్ముడు జాగ్రత్తమనిషి మేడమ్" అన్నాడు.

హాస్టల్ మాట తీసేస్తున్నాను. పిల్లలు నీ దగ్గరే ఉంటారు. ఏ బండి కొనాలో నువ్వే చెప్పు, నేనేమీ అడగను. ఇది తిరిగి చెప్పక్కర్లేదు.

అక్క

*

జూలై 7

అక్కా,

కోళ్ళగూడు ఇంటికొచ్చింది. ముందు సంచులనే ఎక్కించాం, కొత్త ఇసక, కొత్త కుట్లు. అదే దిబ్బ, అదే ఇటుక. ఎక్కడి సంచి అక్కడే ఉంది. బెల్టు బిగించాక బుడంకాయ సంచి కింద నా చెయ్యి దూర్చి లాగినా కదల్లేదు. తర్వాత బండిని నేనే చేతుల్తో పక్కకి తిరగేశాను. బరువు కడ్డీల మీద నిలబడింది. సంచి హెల్మెట్టుకీ నేలకీ మధ్య నా చెయ్యి పట్టింది. అప్పుడే పిల్లలకి పిలుపొచ్చింది.

వేగం మర చివరిదాకా బిగించాను. బండి ఇప్పుడు అమ్మ కూరగాయలకి వెళ్ళే నడకతో పోతుంది. నేను రిమోటు పట్టుకుని పక్కనే నడుస్తున్నాను. "మామయ్యా, నేను దిగి నడిస్తే దీనికంటే ముందు పోతా" అంటాడు బుడంకాయ. జడ్జిగారు మాత్రం రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, మలుపు మలుపుకీ నాకేసి తిరిగి, "ఆపి చూడు" అంటుంది. నొక్కుతాను. ఆగుతుంది. "సరే" అంటుంది. మళ్ళీ కాసేపటికి, "ఇప్పుడు ఆపి చూడు." ఎన్నిసార్లయినా నొక్కుతున్నాను. నిన్న సాయంత్రం అది మొదటిసారి గట్టిగా నవ్వింది. మీరు వెళ్ళాక దాని నవ్వు ఇంత పెద్దగా వినలేదు. వరండాలో అమ్మ మిషను ఆపి వింది.

నీ ఉత్తరం అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. జాగ్రత్తమనిషి అన్న చోట, "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. తర్వాత బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

నువ్వు హాస్టల్ మాట తీసేశావు కనక ఇప్పుడు రాయొచ్చు. నువ్వు మళ్ళీ ఆ మాట ఎత్తినా నేనేమీ అనను.

సంచుల ఆలోచన ల్యాబ్ అలవాటని రాశాను. కాదు. నీ పదమూడో తారీఖు ఉత్తరం వచ్చిన సాయంత్రమే, దాన్ని చొక్కాజేబులో పెట్టుకుని, బుడంకాయ ఒక్కణ్ణే తీసుకుని మళ్ళీ షాపుకి వెళ్ళాను. బెల్టు ఎలా ఉందో చూద్దామనే వెళ్ళాను, అంతవరకు నిజం. షాపాయన ముందువైపు ఎవరికో స్కూటర్ చూపిస్తున్నాడు. వెనక మేమిద్దరమే. ఎర్రదాని బెల్టు నడుం మీంచి ఒక్కటే ఉంది, అది వాడి పొట్ట మీద వదులుగా వేలాడింది. వాడు నాకేసి చూశాడు. ఒక్క రౌండే కదా అని ఎవరూ అనలేదక్కా, నాకు నేనే అనుకున్నాను.

పక్కనే పరిగెత్తుతున్నాను. దిబ్బ దిగుతుంటే చక్రం దేన్నో ఎక్కింది. వాడు బెల్టు కిందనుంచి జారిపోయాడు. కాలర్ దొరికింది. చెప్పు చక్రం కిందికి వెళ్ళింది, కాలు వెళ్ళలేదు. గాల్లో వేలాడుతూ వాడు నవ్వుతున్నాడు, "మళ్ళీ, మామయ్యా, మళ్ళీ!" నేనూ నవ్వాను, వాడు భయపడకూడదని. ఇంటిదాకా దించకుండా ఎత్తుకునే వచ్చాను. నడుస్తానని గొడవ చేశాడు, దించలేదు. దిబ్బ మీద సంచి బెల్టు కిందనుంచి జారుతుందని, వదలకముందే నాకు తెలుసు.

ఆ సీట్లో సంచికంటే ముందు బుడంకాయ కూర్చున్నాడు. వదులుగా ఉన్న ఆ బెల్టుని చూసి కూడా, వాణ్ణి కూర్చోబెట్టింది నేనే.

తమ్ముడు